ఇన్‌కమ్ ట్యాక్స్ మార్చాలంటే ఏ దారి న్యాయం? గోదావరి లెక్కల్లో ఆరు దారుల పోలిక

బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ మన దగ్గర వాదన ఒకటే. జీతగాళ్ళ దగ్గరే గుంజుతున్నారని ఉద్యోగస్తులు, రైతు మీద పన్నేంటండీ అని ఇంకొకళ్ళు, అందరికీ ఒకే రేటు పెట్టేస్తే గొడవ ఒదిలిపోద్ది కదా అని మూడో ఆయన. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది, అందుకే తెల్లారినా తెగదు. ఎవరి వైపు మాట్లాడాలో తేల్చుకోలేకపోతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నా. మధ్యలో మీ సొంత రిటర్నుకి పనికొచ్చేవి కూడా కొన్ని తగుల్తాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, దాచుకోవడం ఎందుకు. మనం కొట్టుకునేది 20 శాతమా 30 శాతమా అని రేటు గురించి, కానీ అసలు తేడా వచ్చేది ఏ డబ్బుని ఆదాయం కింద లెక్కేస్తారు, ఏ డబ్బుని వదిలేస్తారు అన్న చోట. ఇది నమ్మాలంటే ముందు కింద టేబుల్ చూడండి.

అందరికీ మిగిలేది 15 లక్షలే, పన్ను మాత్రం...

2025-26 ఆర్థిక సంవత్సరం, కొత్త రెజీమ్ (మినహాయింపులు చాలావరకు తీసేసి రేట్లు తగ్గించిన పద్ధతి), వేరే ఆదాయం ఏమీ లేదు అనుకుందాం.

| ఎవరు | పన్ను (సెస్సుతో, రూ.) |
|---|---|
| రాజమండ్రిలో బ్యాంకు మేనేజరు, జీతం | 97,500 |
| భీమవరం రొయ్యల రైతు, పుస్తకాలు రాసి అసలు లాభం చూపిస్తే | 1,09,200 |
| అదే రైతు, 2 కోట్ల టర్నోవరు అంతా బ్యాంకులో తీసుకుని 6 శాతం లెక్కన చూపిస్తే | 0 |
| కడియంలో మొక్కల నర్సరీ | 0 |
| హైదరాబాద్‌లో ఉంటూ ఇక్కడ వరి పొలం కౌలుకిచ్చిన ఆయన | 0 |

రొయ్యల చెరువు మామూలుగా వ్యవసాయం కింద రాదు. నేల దున్నడం, విత్తడం లాంటి పని ఉంటేనే వ్యవసాయం అని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది, కాబట్టి చెరువు వ్యాపారమే. నర్సరీ మొక్కలు మాత్రం వ్యవసాయమేనని 2008 ఫైనాన్స్ యాక్టులో స్పష్టంగా రాసేశారు. కౌలు డబ్బు కూడా, పొలంలో సాగు జరుగుతున్నంత కాలం, వ్యవసాయ ఆదాయమే, ఆయన ఆ గట్టు మీద కాలు పెట్టకపోయినా సరే. అదే ఎకరాన్ని చెరువుకి లీజుకిస్తే పన్ను పడుద్ది, వరికిస్తే పడదు. కాలవ ఒకటే, సర్వే నంబరు ఒకటే.

మూడో వరస చూసి కళ్ళు పెద్దవి చేసుకున్నవాళ్ళకి: చిన్న వ్యాపారాలు పుస్తకాలు రాయక్కర్లేకుండా టర్నోవర్లో కనీసం 6 శాతం (క్యాష్ అయితే 8) లాభం అని చూపించుకోవచ్చు. 2 కోట్లలో 6 శాతం 12 లక్షలు, 12 లక్షల దాకా రిబేటు (పన్ను మాఫీ), మొత్తం సున్నా. చట్టం అన్నది "కనీసం" అని గుర్తుపెట్టుకోండి, నిజంగా మిగిలింది 15 అని తెలిసి 12 చూపించడం ఎంతవరకు అన్నది మీ సీఏ గారితోనే తేల్చుకోవాలి.

దేన్ని బట్టి పోల్చాలి

నేను ఐదు చూస్తా. ఒకే ఆదాయం ఉన్నవాళ్ళు ఒకే పన్ను కడుతున్నారా, ఇది మొదటిది, పై టేబుల్ ఫెయిలయ్యింది ఇక్కడే. రెండోది, ఎక్కువ సంపాదించేవాడి మీద శాతం కూడా ఎక్కువ పడుతోందా. మూడోది మన ప్రాంతానికి చాలా ముఖ్యం కానీ ఢిల్లీ చర్చల్లో పెద్దగా వినపడదు: ఆదాయం ఊగేవాళ్ళకి అది సరిపోతుందా, ఎందుకంటే ఒక ఏడు చెరువు మీద 30 లక్షలు మిగిలి మరుసటేడు వైట్ స్పాట్ (రొయ్యల రోగం) వచ్చి మొత్తం పోయిన మనిషికీ, నెలనెలా జీతం పడే మనిషికీ ఏడాది లెక్క ఒకేలా ఎలా కుదురుద్ది? నాలుగు, తప్పించుకోవడం ఎంత ఈజీ. ఐదు, మామూలు మనిషికి అర్థమయ్యేలా ఉందా.

| దారి | సమానులకి సమానం | ఉన్నోడికి ఎక్కువ | ఊగే ఆదాయం | ఎగవేత | సింపుల్ |
|---|---|---|---|---|---|
| ఇప్పుడున్న స్లాబులు | వీక్ | బాగుంది | పర్లేదు | జీతంలో కష్టం, మిగతాచోట్ల తేలిక | పర్లేదు |
| పాత మినహాయింపులు | వీక్ | వీక్ | వీక్ | బిల్లులతో తేలిక | లేదు |
| ఫ్లాట్ రేటు | కొంచెం మెరుగు | వీక్ | పర్లేదు | మారదు | చాలా |
| పెద్ద వ్యవసాయ ఆదాయం మీద పన్ను | చాలా మెరుగు | బాగుంది | సగటు లెక్క పెడితేనే | కష్టపడాలి | తక్కువ |
| ఆస్తి, వారసత్వ పన్ను | మెరుగు | చాలా బాగుంది | వీక్ | బినామీలు | తక్కువ |
| జీఎస్టీ మీద నడపడం | పైకి బాగుంది | లేదు | బాగుంది | పర్లేదు | పర్లేదు |

1. ఉన్నదాన్నే ఉంచడం

కొత్త రెజీమ్ 2020 బడ్జెట్లో వచ్చింది, 2023-24 నుంచి డిఫాల్ట్ అయ్యింది. ఇప్పుడు 4 లక్షల దాకా సున్నా, తర్వాత ప్రతి 4 లక్షలకీ 5, 10, 15, 20, 25 శాతం, 24 లక్షలు దాటాక 30. రిబేటుతో 12 లక్షల దాకా ఏమీ లేదు, జీతగాళ్ళకి స్టాండర్డ్ డిడక్షన్ (ఏ బిల్లులూ అడక్కుండా జీతంలోంచి తీసేసేది) 75 వేలు కలిపితే 12.75 లక్షలు. 12 లక్షలు కొంచెం దాటినా మార్జినల్ రిలీఫ్ ఉంది, 12 లక్షల 10 వేలు ఉంటే 61,500 కట్టక్కర్లేదు, 10 వేలు కడితే చాలు. కానీ ఇంకోవైపు నుంచి చూస్తే 12 నుంచి దాదాపు 12.70 లక్షల మధ్య పెరిగిన ప్రతి రూపాయీ ట్యాక్సుకే పోతోంది, ఇంక్రిమెంటు పేరుకే.

మన దేశంలో రేట్లు ఎంత దూరం వెళ్ళాయో ఈ తరానికి తెలీదు. 1973-74లో సర్‌ఛార్జితో కలిపి పై స్లాబు 97.75 శాతం. వంద సంపాదిస్తే రెండు రూపాయల పావలా మిగిలేది, అంత రేటుకి ఎవడు నిజం చెప్తాడు చెప్పండి. 1997 బడ్జెట్లో 10, 20, 30 చేశారు, అప్పట్నుంచీ పై రేటు 30 దగ్గరే ఉంది, సర్‌ఛార్జీలు, సెస్సులు వేరే. అవి రాష్ట్రాలతో పంచుకోరు, ఆ బాధ ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఈ దారిలో లోపం ఏంటంటే స్లాబులు అన్ని ఆదాయాలకీ వర్తించవు. 50 లక్షల జీతం మీద పన్ను దాదాపు 11 లక్షలు. వేరే సంపాదన లేకుండా అదే 50 లక్షలు ఏడాది దాటి పెట్టుకున్న షేర్లు అమ్మితే వచ్చిందనుకోండి, 12.5 శాతం లెక్కన 5.8 లక్షలు. సరదా ఏంటంటే 15 లక్షల దగ్గర ఇది తిరగబడుద్ది, షేర్ల మీద 1,26,750 పడుతుంది, జీతం మీద 97,500. చిన్నోడికి షేర్లలో రిబేటు లేదు, పెద్దోడికి షేర్లలో సగానికి సగం లాభం. దీన్ని ఎవరూ కావాలని ఇలా పెట్టారని అనను గానీ, అయ్యింది మాత్రం ఇలాగే.

2. పాత రెజీమ్ మినహాయింపులు తిరిగి తేవడం

"80సి ఉంటే పొదుపు అలవాటవుద్ది" అనే మాట బాగానే ఉంటుంది. కానీ 1.5 లక్షలు ఎల్ఐసీ, పీఎఫ్‌లో పెడితే 30 శాతం స్లాబులో ఉన్నాయనకి 45 వేలు కలిసొస్తుంది, 5 శాతం స్లాబు వాడికి రిబేటుతో ఎలాగూ పన్ను లేదు కాబట్టి ఏమీ కలిసిరాదు. అసలు పొదుపు చెయ్యడానికి మిగలని వాడికి సున్నా. ప్రభుత్వం ఎవరికి సాయం చేస్తున్నట్టు?

మీ సొంత లెక్కకి: 15 లక్షల జీతానికి పాతది కొత్తదానితో సమానం అవ్వాలంటే స్టాండర్డ్ డిడక్షన్ పోను ఇంకా దాదాపు 5.44 లక్షలు చూపించాలి. 80సి 1.5, హోమ్‌లోన్ వడ్డీ 2, హెల్త్ ఇన్సూరెన్స్ 25 వేలు, ఎన్‌పీఎస్ (పెన్షన్ పొదుపు) 50 వేలు, అన్నీ ఫుల్లుగా పెట్టినా 4.25 దగ్గర ఆగుద్ది, మిగతాది హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) మీద రావాలి. తణుకులోనో తాడేపల్లిగూడెంలోనో సొంతింట్లో ఉండే ఉద్యోగికి హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు ఎక్కడిది? పాతదాని మీద ప్రేమ ఉన్నవాళ్ళలో చాలామంది సిటీలో అద్దెకుంటూ ఊళ్ళో ఇంటికి లోన్ కట్టేవాళ్ళు, వాళ్ళకి ఇప్పటికీ లెక్క కుదరొచ్చు. 2024-25 అసెస్‌మెంట్ ఇయర్లో జులై ఆఖరుకి వచ్చిన 7.28 కోట్ల రిటర్నుల్లో 5.27 కోట్లు కొత్తదాన్నే ఎంచుకున్నాయి, జనం తీర్పు వచ్చేసినట్టే.

3. అందరికీ ఒకే రేటు

వినడానికి ఇదే అందరికీ నచ్చుద్ది. ఎస్టోనియా 1994లో మొదలెట్టింది, రష్యా 2001లో 13 శాతం పెట్టింది. కానీ రష్యా 2021లో పైవాళ్ళకి 15 చేసింది, 2025 నుంచి ఐదు మెట్లు, పైది 22 శాతం. అంటే మళ్ళీ స్లాబులకే వచ్చింది.

మన దగ్గర 4 లక్షలు దాటిన ప్రతి రూపాయికీ 15 శాతం అనుకుని వెయ్యండి (జీతం కాని ఆదాయం, సెస్సు పక్కనపెట్టి). 10 లక్షలవాడు ఇప్పుడు సున్నా, అప్పుడు 90 వేలు. 15 లక్షలవాడు 1.05 లక్షల నుంచి 1.65కి. 50 లక్షలవాడు 10.8 నుంచి 6.9కి. ఫ్లాట్ రేటు అడిగేవాళ్ళకి ఈ మూడు లెక్కలూ చూపించి అడగండి, మీరు ఇందులో ఎక్కడున్నారండీ అని. పైగా రేటు ఒక్కటైనంత మాత్రాన కౌలు డబ్బు లెక్కలోకి రాదు, నర్సరీ రాదు. పై టేబుల్లో సున్నాలు సున్నాలుగానే ఉంటాయి.

4. పెద్ద వ్యవసాయ ఆదాయం మీద పన్ను

ఇక్కడే నాకు చెప్పాల్సింది ఎక్కువ ఉంది, రాళ్ళు కూడా ఇక్కడే పడతాయి.

1860లో మొదటిసారి ఇన్‌కమ్ ట్యాక్స్ పెట్టినప్పుడు పొలం ఆదాయానికి కూడా పన్నుంది. 1886 చట్టంలో తీసేశారు, రైతు అప్పటికే భూమిశిస్తు గట్టిగా కడుతున్నాడు కదా అన్నది అప్పటి వాదన. ఆ శిస్తు ఇప్పుడేది? మనం కట్టే నీటి తీరువా ఎకరానికి వందల్లో ఉంటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట అయ్యాకే కదా ఈ డెల్టా ఎకరానికి ఇంత రేటు వచ్చింది, అది ఊరందరి డబ్బుతో వచ్చిన నీళ్ళు.

ఇప్పుడు భయం సంగతి చూద్దాం. సన్నకారు రైతు మీద పన్నేస్తారని గోల. వరి లెక్కే తీసుకోండి, సార్వా దాళ్వా రెండూ కలిపి ఖర్చులు పోను ఎకరానికి 50 వేలు మిగిలిందనుకుందాం (సొంత పొలమైతే, అదీ మంచి ఏడాదిలో, ఆరబెట్టిన ధాన్యం తడవకుండా ఉంటే). జీతగాడికి ఇచ్చిన 12 లక్షల గీతే రైతుకీ గీస్తే, అది దాటడానికి 24 ఎకరాలు కావాలి. 1973 భూపరిమితి చట్టం చూస్తే మాగాణి పరిమితి భూమి తరగతిని బట్టి ఒక కుటుంబానికి 10 నుంచి 27 ఎకరాలు. అంటే కాగితం ప్రకారం వరి రైతు ఒక్కడు కూడా పన్ను గీత దాటడం కష్టమే. ఇంక ఎవరికి తగుల్తుంది? పెద్ద నర్సరీలు, వేరు వేరు పేర్లతో పదుల ఎకరాలు పెట్టుకుని కౌలు తీసుకునేవాళ్ళు, వేరే చోట వచ్చిన డబ్బుని పంట డబ్బుగా చూపించేవాళ్ళు. ఈ చివరి వాళ్ళే అన్నిటికన్నా గట్టిగా "రైతు" అని అరుస్తారు.

కౌలు రైతుకి అయితే ఈ వాదనతో సంబంధమే లేదు. దాళ్వా మీద నాలుగు రూపాయలు మిగిలినా కౌలు కట్టాక ఏం మిగుల్తుంది, ఆయన్ని పన్ను నుంచి కాపాడుతున్నామని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. కాపాడుతున్నది ఆయన కట్టిన కౌలు తీసుకునే వాళ్ళని. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు గుర్తుందా, పంటే పెట్టం అని. అప్పుడు నష్టమంతా ఎవరి మీద పడిందో ఆ ఊళ్ళలో వాళ్ళనే అడగండి.

ఇంకో తిరకాసు. ఉద్యోగం ఉండి పొలం కూడా ఉన్న టీచరు గారికి, పొలం ఆదాయం పన్నులో రాకపోయినా రేటు లెక్కకి కలుపుతారు, జీతం మీద పన్ను కొంచెం పెరగొచ్చు. పొలం ఒక్కటే ఉన్న పెద్దాయనకి ఆ బాధ కూడా లేదు.

కష్టాలు లేవని అనను. రైతుకి బిల్లులుండవు, దిగుబడి ఏటికేడు మారుద్ది. 1972లో వేసిన కె.ఎన్.రాజ్ కమిటీ దీనికే ఒక దారి చెప్పింది, అసలు ఆదాయం కాకుండా భూమి తరగతిని బట్టి రావాల్సిన ఆదాయం అంచనా వేసి కమతాల మీద పన్ను పెట్టమని. అది అటకెక్కింది. నా లెక్కలో ముందు కౌలు ఆదాయంతో మొదలెట్టాలి, అది ఏటా ఒక మాట ప్రకారం వచ్చే డబ్బు, అంచనాలు అక్కర్లేదు. పండించే వాళ్ళకి మూడేళ్ళ సగటు తీసి, దాని మీద పెద్ద గీత పెట్టాలి. కౌలు మీద పన్నేస్తే అది తిరిగి కౌలు రైతు నెత్తినే వేస్తారన్న మాట ఉంది చూశారూ, ఈ వాదన మొత్తంలో దీనికే నా దగ్గర పూర్తి జవాబు లేదు. కౌలు ఒప్పందాలు నోటి మాట మీద నడుస్తున్నంత కాలం ఆ భయం న్యాయమైనదే.

5. ఆస్తి మీద, వారసత్వం మీద పన్ను

మన దగ్గర లేనిదేమీ కాదు. ఎస్టేట్ డ్యూటీ 1953 నుంచి 1985 దాకా, వెల్త్ ట్యాక్స్ 1957 నుంచి 2015 బడ్జెట్ దాకా నడిచాయి. చివర్లో వెల్త్ ట్యాక్స్ వసూలు 1,008 కోట్లు, దేశం మొత్తానికి. పొలాలు దాదాపుగా దాని బయటే ఉండేవి. ఉన్నోడి మీద ఎక్కువ పడాలన్న లెక్కలో ఈ దారికి ఫుల్ మార్కులు ఇస్తా, కానీ చేతిలో క్యాష్ లేకుండా రేటు పెరిగిన కొబ్బరి తోట మాత్రమే ఉన్న విధవరాలికి నోటీసొస్తే ఏం చేస్తుంది, తోట అమ్ముకోవాలి. గీత చాలా పైన పెడితే తప్ప ఇది మన ప్రాంతంలో మొదటి వారంలోనే కుప్పకూలుద్ది.

6. ఇన్‌కమ్ ట్యాక్స్ తగ్గించి జీఎస్టీ మీద నడపడం

"ఖర్చు పెట్టినోడే కడతాడు" అంటారు. నరసాపురంలో లేసు అల్లుకునే ఆవిడ ఫోన్ రీచార్జి మీద 18 శాతం కడుతుంది, ఆ లేసు ఎగుమతి చేసే ఆయన కూడా అదే 18. ఆవిడకి వచ్చిందంతా ఖర్చే, ఆయనకి ఖర్చయ్యేది కొంతే, మిగతాది బ్యాంకులో. 2025 సెప్టెంబరు 22 నుంచి స్లాబులు 5, 18 చేసి (కొన్నిటికి 40) సబ్బులు షాంపూలు 5లోకి తెచ్చారు, అది మంచి పనే. అయినా అసలు రోగం అలాగే ఉంది. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టనివాళ్ళు ఫ్రీగా బతుకుతున్నారని అనేవాళ్ళకి ఇది ఒక్కటి చెప్పినా చాలు.

పక్క మాట: మొగుడూ పెళ్ళాం లెక్క

ఒక ఇంట్లో ఒక్కరికే 24 లక్షల జీతం, పన్ను 2,92,500. పక్కింట్లో ఇద్దరికీ చెరో 12 లక్షలు, పన్ను సున్నా. ఇంటికొచ్చే డబ్బు ఒకటే. జాయింట్ రిటర్ను పెట్టమని సీఏల సంస్థ ఐసీఏఐ సూచించింది, ఇంకా రాలేదు. వస్తే ఒకరే సంపాదించే ఇళ్ళకి మేలు, కానీ భార్య కొత్తగా ఉద్యోగంలో చేరితే ఆమె మొదటి రూపాయి మీదే భర్త స్లాబు రేటు పడుద్ది, అది నాకు నచ్చని సంగతి.

మీరెవరో దాన్ని బట్టి

జీతగాళ్ళైతే: మీ జీతం దాచుకునే వీల్లేదు, టీడీఎస్ ముందే కోసేస్తారు. రేటు తగ్గించమని అడిగే కన్నా మిగతా ఆదాయాలని లెక్కలోకి తెమ్మని అడిగితే మీకు ఎక్కువ కలిసొస్తుంది. కంపెనీల పన్ను 2019లో 22 శాతానికి దించాక, ఇప్పుడు వ్యక్తుల ఇన్‌కమ్ ట్యాక్స్ వసూళ్ళే కంపెనీల పన్నుని దాటేశాయి. ఆ వాదన గట్టిది, వాడుకోండి.

చెరువుల వాళ్ళైతే: 6 శాతం దారి బాగున్న ఏడాదికి బాగుంటుంది, పోయిన ఏడాదికి చంపేస్తుంది, ఎందుకంటే అందులో నష్టం చూపించలేరు. పుస్తకాలు రాసి గడువులోగా రిటర్ను వేస్తే నష్టాన్ని ఎనిమిదేళ్ళ దాకా ముందుకి తీసుకెళ్ళి లాభంలో తగ్గించుకోవచ్చు. సంస్కరణల్లో మీరు అడగాల్సింది సగటు లెక్క. వ్యవసాయంలో కలపమని అడగడం వల్ల వరి రైతు దగ్గర మీ వాదన పోద్ది.

గల్ఫ్‌లో ఉన్న కుటుంబాలైతే: 12 లక్షల రిబేటు ఎన్నారైలకి లేదు, 4 లక్షలు దాటితే స్లాబే. ఎన్ఆర్ఓ (ఎన్నారైలు ఇక్కడి ఆదాయం వేసుకునే ఖాతా) డిపాజిట్ వడ్డీ మీద టీడీఎస్సే 30 శాతం, పైన సెస్సు. ఇక్కడున్న అన్నయ్యకి అదే వడ్డీ మీద 10. రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి, చాలామంది వదిలేస్తున్నారు.

పొలం ఉన్నవాళ్ళైతే: 24 ఎకరాల లెక్క మీ సొంత ఖర్చులతో ఒకసారి వేసుకోండి, గీతకి ఎంత దూరంలో ఉన్నారో తెలిశాక భయపడాలో వద్దో మీకే తెలుస్తుంది.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం అమల్లోకి వచ్చింది, 819 సెక్షన్లు 536 అయ్యాయి, భాష తేలికైంది, కానీ పై టేబుల్లో సున్నాలు ఒక్కటి కూడా కదల్లేదు. వాటిలో వ్యవసాయం సున్నాలు కదలాలన్నా ఢిల్లీ చేతిలో లేదు, వ్యవసాయ ఆదాయం మీద పన్ను రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో 46వ అంశం. కాబట్టి నాలుగో దారి కావాలన్నా వద్దన్నా అడగాల్సింది మీ ఎమ్మెల్యే గారిని. ఎంపీ గారిని అడిగితే అది మా చేతిలో లేదండీ అంటారు, ఆ ఒక్క విషయంలో ఆయన చెప్పేది నిజం.